సున్నపురాతి నేలలో పాత రైఫిల్

ఎర్రగుంట్ల చుట్టుపక్కల నేలకింద సున్నపురాయి, నేలమీద దాని పొడి. నాపరాతి గనులు, పాలిష్ మిషన్లు, సిమెంటు ఫ్యాక్టరీలు లేపే దుమ్ము దండెం మీది బట్టలతో ఆగదు, బీరువాలో తాళం వేసిన తుపాకీ బోల్టులోకీ చేరుతుంది. తాతల నుంచో, లైసెన్సున్న డీలరు నుంచో చేతులు మారి వచ్చిన పాత రైఫిల్ మొరాయిస్తే 'అరిగిపోయింది' అని తేల్చేస్తాం. చాలాసార్లు అది అరుగుదల కాదు, మురికి. ఆ మురికిని పట్టి ఉంచేది మంచి చేస్తున్నామనుకుని మనం పోసిన నూనే.

మన దేశంలో ఇలా చేతులు మారే బోల్టు రైఫిళ్లలో .315 ముఖ్యమైనది. సైన్యం వాడే .303 తూటా పౌరులకు దక్కకూడదన్న బ్రిటిష్ కాలపు నియమం స్వాతంత్ర్యం తర్వాతా నిలిచింది. అందువల్ల బెంగాల్లోని ఈశాపూర్ ఫ్యాక్టరీ, 1895లో బ్రిటిష్ సైన్యంలో చేరిన లీ-ఎన్‌ఫీల్డ్ పద్ధతినే ఉంచి, 8 మిల్లీమీటర్ల తూటాతో దీన్ని తయారుచేసింది. సైనికుడు బురదలో వాడుకునేలా పుట్టిన యంత్రం అంత సులువుగా చెడదు. చెడినట్టు కనిపించినప్పుడు ఓపిగ్గా వెతకాలి. మ్యాగజైన్ తీసి, బోల్టు తెరిచి, చాంబర్ ఖాళీయేనని కంటితో చూసి వేలితో తడిమాకే మిగతా పని. బోల్టు బిగుసుకుంటే చాంబర్లో ఎండి జిగురైన నూనె ఉందేమో చూడాలి. పేలిన తూటా కేసు బయటికి రాకపోతే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద మట్టి పేరుకుందేమో, దాని స్ప్రింగు బలం తగ్గిందేమో చూడాలి. ట్రిగ్గర్ నొక్కినా తూటా పేలకపోతే గొట్టాన్ని సురక్షితమైన దిక్కుకే ఉంచి కాసేపు ఆగి, ఆ తర్వాతే బోల్టు తెరవాలి. బోల్టు లోపల గడ్డకట్టిన గ్రీజు, తూటాను కొట్టే పిన్ను వేగాన్ని చంపేసి ఉండవచ్చు.

నూనె ఎక్కువుంటే తుప్పు పట్టదు కదా అంటారు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఆ మాటకు బలముంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి ఉండే ఈ సీమలో గుడ్డతో తుడిస్తే మిగిలే పలుచని పొర చాలు. సున్నం మెత్తనిదే, దానితో ఎగిరొచ్చే ఇసుక రేణువు మాత్రం నూనెలో నిలిచి ఉక్కును గీస్తుంది. చేతికందిందని శనక్కాయ నూనె అసలే పూయకూడదు, జిగురు కడుతుంది. పాతకాలపు తూటాలు కాల్చినప్పుడు గొట్టంలో మిగిలే ఉప్పు కూడా నూనెకు కరగదు. ముందు వేడినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడు నూనె రాయాలి. గొట్టం తుడిచే కడ్డీని బోల్టు తీసి వెనకనుంచే తోయాలి. మూతి నుంచి తోస్తే అది ఒరుసుకుని అక్కడి గాడులు అరుగుతాయి, గురి పోతుంది.

కొన్ని పనులు ఇంట్లో ముట్టుకోకూడనివి. బోల్టు మీది నంబరు, రైఫిల్ నంబరు ఒకటి కాకపోయినా, బోల్టు తల వదులైనా, ఎక్కడైనా పగులు కనిపించినా కాల్చడం మానాలి. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీ మరమ్మతుకూ లైసెన్సు కావాలి. ఆకురాయి పట్టుకునే ముందు అది గుర్తుండాలి.

వేట నేరమైనప్పుడు వేట రైఫిల్‌ను కాపాడటం దేనికన్న ప్రశ్న న్యాయమైనదే. 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక అడవి పంది శనక్కాయ చేను తవ్వేసినా, అనుమతి లేకుండా కాల్చే హక్కు రైతుకు లేదు. అయినా లైసెన్సు ఉన్నన్నాళ్లూ ఆ తుపాకీకి జవాబుదారీ దాని యజమానే. లోపల ఏముందో తెలియని తుపాకీ ముందుగా ప్రమాదం తెచ్చేది దాన్ని పట్టుకున్నవాడికే.

ఈ శ్రద్ధ ఎన్నికలప్పుడు మరీ అవసరం. ఎన్నికల కోడ్ రాగానే లైసెన్సు తుపాకులు పోలీస్ స్టేషన్‌కు చేరతాయి. 2024లో కోడ్ మార్చి 16న వస్తే ఓట్ల లెక్కింపు జూన్ 4న జరిగింది, అంటే నిండు వేసవంతా. ఆ ఎండకు కర్ర ఎండి ముడుచుకుంటుంది, మరలు వదులవుతాయి, పాత నూనె బంకవుతుంది. అప్పజెప్పే ముందు తుడిచి పలుచగా నూనె రాయాలి. తిరిగి తెచ్చుకున్న రోజే చాంబర్ చూసి, మరలు సరిచేసి, కర్రకు అవిసె నూనె పట్టించి, గొట్టంలో పొడిగుడ్డ ఒకసారి తోయాలి. ఆ గుడ్డకు ఏ రంగు అంటిందో చూసి మిగతా పని మొదలుపెట్టాలి.