తెరచిన మూలము, మూసిన మూలము: ‘జ్ఞా’ అను అక్షరమును గూర్చిన వ్యాఖ్యల విమర్శ

వ్యాఖ్యానమునకు మూలము ప్రాణము. మూలమును చూడక చెప్పినది వ్యాఖ్య కాదు, ఊహ మాత్రమే. తెలుగుగడ్డపై పుట్టి కాళిదాసాది మహాకవుల కావ్యములకు వ్యాఖ్యలు రచించిన కోలాచలము మల్లినాథసూరి, మూలమున లేనిదానిని వ్రాయననియు, అపేక్షితము కానిదానిని చెప్పననియు నియమము పెట్టుకొనెను. ఆ నియమము కావ్యములకే పరిమితము కాదు. కంప్యూటరు, సెల్ ఫోను, సాఫ్టువేరు మున్నగువానిని గూర్చి వార్త యేది వెలువడినను దాని వెన్నంటి పాఠకుల తీర్పులు వెల్లువగ వచ్చుచున్నవి. అవియును ఒక విధమైన వ్యాఖ్యలే. వానిలో విచారమెంత, ఆవేశమెంత అని తూచి చూచుట సాహిత్యవిమర్శకు పరాయి పని కాదు. తెలుగు లిపికి సంబంధించిన యొక వార్తను ఉదాహరణముగ గైకొని ఆ పని చేయుట యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

రాజపాళయము వంటి చోట ఈ విచారణకు ప్రత్యేక ప్రయోజనము కలదు. పడమటి కనుమల పాదమున, విరుదునగరు జిల్లాలో, నూలుమిల్లులకును గాజుగుడ్డ నేతకును పేరొందిన యీ పట్టణమున, విజయనగరకాలమునందు దక్షిణమునకు తరలివచ్చినట్లు ప్రసిద్ధి గాంచిన రాజుల సంతతివారు నేటికిని ఇంట తెలుగు మాటలాడుచున్నారు. ఇల్లు దాటినచో వీథి పలకయు, బస్సుమీది ఊరిపేరును, కొట్టు రసీదును తమిళమే. 2006వ సంవత్సరపు తమిళాభ్యసన చట్టము వలన 1వ తరగతితో మొదలై 2015-16 విద్యాసంవత్సరము నాటికి 10వ తరగతివరకు తమిళము విధిగ చదువవలసిన పాఠ్యమైనది. తత్ఫలితముగ తెలుగు పలుకు చెవికి పరిచితమైనను తెలుగు అక్షరము కంటికి అంతగా పరిచితము కాదు. అట్టి బాలబాలికలకు పాఠ్యపుస్తకమునకు వెలుపల తెలుగక్షరము కనబడు చోటు సెల్ ఫోను తెరయే. ఆ తెరపై అక్షరము సరిగ నిలుచునా, నిలువదా అనునది వారి విషయమున భాష నిలుచునా అను ప్రశ్నతో ముడిపడియున్నది.

ఇక వార్త. 2018 ఫిబ్రవరి నెలలో ‘జ్ఞా’ అను ఒక తెలుగు అక్షరము ఐఫోనులను స్తంభింపజేయుచున్నదని లోకమంతట ప్రచారమయ్యెను. ఆ అక్షరము గల సందేశము వచ్చినంతనే సందేశములను చూపవలసిన సాఫ్టువేరు కూలిపోవుచుండెను. తిరిగి తెరచినను తిరిగి కూలుచుండెను. ఆపిల్ సంస్థవారి చేతిగడియారములును, కంప్యూటర్లును ఈ దోషమునకు లోనైనవి. పత్రికలు దీనికి అక్షర బాంబని పేరు పెట్టినవి. జ్ఞానమునకు మొదటి అక్షరమైనది వినాశమునకు సంకేతమైనట్లు ప్రపంచము చెప్పుకొనెను. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19వ తేదీన 11.2.6 అను సవరణమును విడుదలచేసి దోషమును తొలగించెను.

ఈ వార్తపై వినవచ్చు అభిప్రాయములను మూడు తెగలుగ విభజింపవచ్చును. లిపియే క్లిష్టమైనది, దోషము దానిదే యనునది మొదటిది. సంస్థ వారము దినములలో సవరించినది గదా, ఇంక తగవేల యనునది రెండవది. సాఫ్టువేరు మూలము అందరకు తెరచియుంచినచో ఇట్టిది జరుగనే జరుగదనునది మూడవది.

మొదటి అభిప్రాయమును పరిశీలింపవలెనన్న అక్షరమును విడదీసి చూడవలయును. ‘జ్ఞా’ యందు జకారము, పొల్లు, ఞకారము, దీర్ఘము అని నాలుగు గుర్తులు కలవు. ప్రపంచలిపుల కన్నిటికి స్థానములు నిర్ణయించిన యూనికోడు పద్ధతిలో 1991నాటి తొలి కూర్పునుండియు తెలుగునకు చోటున్నది. ఆ పద్ధతి ప్రకారము ఈ నాలుగు గుర్తులు వరుసగ నిలువయగును. వానిని కూర్చి ఒక అక్షరముగ తెరపై చూపుట యంత్రమునందలి సాఫ్టువేరు పని. ఐఫోనులను కూల్చిన కూర్పునందు ఈ నాలుగు గాక అయిదవ గుర్తు కలదు. అది కంటికి కనబడదు. రెండు అక్షరములను కలియనీయక ఆపుటకు ఏర్పడిన యదృశ్య చిహ్నమది. రాజ్‌కుమార్ వంటి పేర్లలో జకారపు పొల్లును పొల్లుగనే నిలిపి, క్రింద ఒత్తు రాకుండ చేయునది ఈ చిహ్నమే. ఆ చోట అది అవసరము. కాని ఞకారమునకును దీర్ఘమునకును నడుమ దానికి ప్రయోజనము లేదు. ఆ నిష్ప్రయోజనమైన చోట అది తటస్థించినప్పుడు ఏమి చేయవలయునో తెలియక ఆపిల్ వారి సాఫ్టువేరు తన జ్ఞాపకస్థానమునే చెరుపుకొనెను.

దీనిని బట్టి తేలునదేమన, జ్ఞానము అని సక్రమముగ వ్రాసినవాని ఫోను కూలలేదు. కూలినది అసహజమైన యొక కూర్పు వలన. దేవనాగరి, బెంగాలీ లిపులయందును కొన్ని కూర్పులు ఇట్టి ఫలమునే ఇచ్చుచున్నవని, ఆ దినములలోనే బయటి ఇంజనీరొకడు ప్రయోగములు చేసి ప్రకటించెను. కావున దోషము తెలుగుది కాదు, ‘జ్ఞా’ది అసలే కాదు. అదియు గాక 2015లో వెబ్ చిరునామా ఆరంభమున నుండు నాలుగు రోమను అక్షరములును, వాని వెంట నాలుగు విరామచిహ్నములును, మొత్తము ఎనిమిది గుర్తులు స్కైప్ అను సంభాషణసాధనమును కూల్చినవి. దాని వలన రోమను లిపి క్లిష్టమని తీర్మానించుట తగునా? అక్కడ యంత్రమును తప్పుపట్టి ఇక్కడ అక్షరమును తప్పుపట్టుట పక్షపాతము.

తమిళనాట నున్న తెలుగువారికి ఇందు మరియొక విశేషము గోచరించును. తమిళ లిపిలో సంయుక్తాక్షరమును విప్పి, జకారమును విడిచి, ‘ఞానం’ అని వ్రాయుదురు. తెలుగులో ఞకారము విడిగ కనబడుట బహు అరుదు. జకారము క్రిందనో, చకార జకారములకు పైననో ఒదిగియుండును. రాజపాళయపు విద్యార్థి ఒకే పదమును ఉదయము ఒక రూపమునను మధ్యాహ్నము మరియొక రూపమునను వ్రాయును. రెండును తమ తమ నియమముల ననుసరించి శుద్ధములే. సులువుగ నుండుటయే లిపికి ప్రమాణమని వాదించువారు ఈ రెండు రూపములను పక్కపక్కన పెట్టుకొని చూచినచో, లిపులు యంత్రములకొరకు పుట్టలేదని గ్రహింతురు.

రెండవ అభిప్రాయమున కొంత సత్యము కలదు. సవరణము శీఘ్రముగ వచ్చెను. అది ప్రశంసింపదగిన పనియే. కాని అంత త్వర యేల కలిగెనో విచారింపవలయును. ఆ సందేశము తెలుగు రాని వాని ఫోనును గూడ స్తంభింపజేసెను. న్యూయార్కులోని వానికిని, లండనులోని వానికిని నష్టము కలిగెను. అదే దోషము ఫోనును కూల్చక, ‘జ్ఞా’ క్రింది ఒత్తును మాత్రము చెరిపి చూపునట్టిదైనచో బాధ తెలుగువారికి మాత్రమే పరిమితమయ్యెడిది. అప్పుడు అంత త్వర యుండునని నమ్ముటకు ఆధారమేమి? మూలము మూసియున్న సాఫ్టువేరులో దోషము నెరిగినవాడు విన్నపము పంపి వేచియుండవలయును. దిద్దుటకు అధికారము లేదు. చిన్న భాషవారికి, అందును స్వరాష్ట్రమునకు వెలుపల నున్నవారికి, వేచియుండుట యెట్టిదో చెప్పనక్కరలేదు.

మూడవ అభిప్రాయమును చెప్పువారు మూలము తెరచియుంచుటను సర్వరోగనివారిణిగ భావింతురు. ఈ ఉద్యమ చరిత్రను కొంచెము స్మరింపవలయును. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పనిచేసిన రిచర్డ్ స్టాల్‌మన్, ఒక ముద్రణయంత్రపు సాఫ్టువేరును దిద్దుకొనుటకు దాని మూలము లభింపకపోవుటచే నొచ్చుకొని, తరువాత 1983లో గ్నూ అను ప్రణాళికను ప్రకటించెను. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్సు నారంభించెను. ఇంగ్లీషున వీరి సాఫ్టువేరునకు వాడిన విశేషణము ‘ఉచితము’ అనియు, ‘స్వేచ్ఛ గలది’ అనియు రెండర్థముల నిచ్చుటచే నేటికిని వాదములు నడచుచున్నవి. తెలుగులో ఆ గందరగోళమునకు చోటు లేదు. ఉచితము వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదులో 2005లో ఈ ఉద్యమమును చేపట్టినవారు తమ సంస్థకు స్వేచ్ఛ యనియే పేరు పెట్టుకొనిరి. తమిళనాడు ప్రభుత్వము 2011లో విద్యార్థులకు ల్యాపుటాపులను పంచిపెట్టెను. ఆ యంత్రము ఉచితము. దానిలో విండోసుతో పాటు, చెన్నపట్టణపు సీడాక్ కేంద్రమున తయారైన బాస్ అను లినక్సు రూపము గూడ నుండెను. అది స్వేచ్ఛ. ఊరక వచ్చినదానికి విలువ లేదని తీర్పు చెప్పువారు ఈ భేదమును మరచుచున్నారు. స్వేచ్ఛ యనగా వెల లేకుండుట కాదు, విప్పి చూచి దిద్దుకొని పదిమందికి పంచు అధికారము.

ఆ అధికారము తెలుగునకు మేలు చేసిన మాట వాస్తవము. యూనికోడు వ్యాపింపక మునుపు తెలుగు అచ్చుపని వాణిజ్యసంస్థల ఖతులతో, అనగా ఫాంటులతో, జరిగెను. ఒక్కొక్క సంస్థది ఒక్కొక్క సంకేతపద్ధతి. ఆ ఖతి లేని యంత్రమున పుటను తెరచినచో అర్థము లేని రోమను గుర్తులు బారులు తీరును. ఎన్నియో సంఘముల సంచికలు ఈ కారణముననే అచ్చుప్రతిగ మిగిలి, యంత్రమున వెదకుటకు లొంగకున్నవి. ఆ స్థితిలో తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన అను పేర్లతో యూనికోడు ఖతులను సృజించి లోకమున కొసంగెను. అవి లినక్సు పంపిణీలలోను చేరినవి. కావ్యమును రాజునకు అంకితమీయ నిరాకరించెనని ప్రసిద్ధి గాంచిన పోతన పేరు, ఎవ్వరును స్వంతము చేసికొనరాని ఖతికి తగినదే. తరువాత గురజాడ, గిడుగు, సురవరము, రామభద్ర మున్నగు పేర్లతో మరికొన్ని ఖతులు స్వేచ్ఛానుమతితో వెలువడినవి. అక్షరములను కూర్చి తెరపై నిలుపు హర్ఫ్‌బజ్ అను సాధనము, పారసీకమున ‘అక్షరము’, ‘తెరచినది’ అను అర్థములు గల పదములతో పేరుపొందినది, ఆండ్రాయిడు ఫోనులలో పనిచేయుచున్నది. 2018నాటి కూర్పు ఆండ్రాయిడు ఫోనులను కూల్చలేదు.

అంతమాత్రమున మూలము తెరచుటయే చాలునని చెప్పరాదు. ఓపెన్ ఎస్సెస్సెల్ అను తెరచిన సాఫ్టువేరునందు 2012లో విడుదలైన కూర్పుతో ప్రవేశించిన మహాదోషము 2014 ఏప్రిల్ వరకు బయటపడలేదు. రెండేండ్లు మూలము అందరి యెదుట నుండెను. చూచినవారు లేకపోయిరి. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అను తెరచిన సాధనమున దురుద్దేశముతో చొప్పించిన ద్వారమును ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు పసిగట్టెను. తన కంప్యూటరు అర సెకను ఆలస్యము చేయుచున్నదేమని శంకించుటయే దానికి హేతువు. మొదటి కథ తెరచియుంచుట చాలదని చెప్పుచున్నది. రెండవది తెరచియున్నచోట ఒక్క జాగరూకుని చూపు ఎంత మేలు చేయునో చెప్పుచున్నది. రెంటిని కలిపి చదివినవాడే సమ్యగ్విమర్శకుడు.

తాళపత్రకాలమున గ్రంథములు ఇట్లే బ్రతికినవి. ఎత్తి వ్రాసికొనుటకును, దిద్దుటకును ఎవ్వరి యనుమతియు నక్కరలేదు. ఆ స్వేచ్ఛ వలన గ్రంథములు వ్యాపించినవి. ఆ స్వేచ్ఛ వలననే అపపాఠములును పెరిగినవి. సి.పి. బ్రౌను పండితులను కూర్చుండబెట్టుకొని వేర్వేరు ప్రతులను పోల్చి పాఠములు నిర్ణయింపజేసెను. ప్రతులు అందుబాటులో లేనిచో ఆ పని సాధ్యము కాదు. పోల్చగల పండితులు లేనిచో ప్రతులుండియు ప్రయోజనము లేదు. సాఫ్టువేరు విషయమున న్యాయము వేరుగ నుండదు.

కావున యంత్రవిషయక వ్యాఖ్యకు మూడు ప్రమాణములను నిర్ణయింపవచ్చును. వ్యాఖ్యాత మూలమును చూచి చెప్పుచున్నాడా, లేక మూలము మూసియున్నదని ఒప్పుకొని అనుమానముగ చెప్పుచున్నాడా? దోషము అక్షరమునదా, యంత్రమునదా అని వివేచించినాడా? దిద్దవలసినవారెవరో, వారికి దిద్దు అధికారమున్నదో లేదో చెప్పినాడా? ఈ మూడింటికి నిలిచిన వ్యాఖ్య, అది వాణిజ్యసంస్థల పక్షమైనను స్వేచ్ఛోద్యమ పక్షమైనను, గౌరవార్హము. నిలువనిది ఎంత చమత్కారముగ నున్నను చప్పటలకే పనికివచ్చును.

తెరచిన మూలము దిద్దుటకు హక్కునిచ్చును గాని దిద్దువానిని ఈయజాలదు. ‘జ్ఞా’ తెరపై వికృతమైనచో అది వికృతమని చెప్పగలవాడు ముందు ‘జ్ఞా’ యొక్క సరియైన రూపమును ఎరిగియుండవలయును. దోషమును నివేదించుటకును, సాఫ్టువేరు పలుకులను తెలుగున అనువదించుటకును యంత్రవిద్య అక్కరలేదు, అక్షరవిద్య చాలును. రాజపాళయపు తెలుగు తరగతిలో పదిమంది పిల్లలు ఒత్తులను గుణింతములను శుద్ధముగ నేర్చుకొనుట చిన్న విషయముగ కనబడవచ్చును. తెరచియున్న మూలమునకు కాపలా కాయవలసినవారు ఆ పదిమందిలోనుండియే రావలయును. వారు లేనినాడు స్వేచ్ఛ యుండియు తెలుగునకు దానివలన ఒరుగునది లేదు.