బస్సు కిటికీలోంచి దిల్మున్

డిసెంబరు 16, 17 తేదీల్లో బహ్రెయిన్‌లో జాతీయ దినోత్సవం సెలవులు. ఎండలు తగ్గుతాయి కాబట్టి మన తెలుగు కుటుంబాలు ఒక బస్సు మాట్లాడుకుని ద్వీపమంతా చుట్టి రావడం ఇక్కడ మామూలే. పొద్దున కోట, ఆ తర్వాత మ్యూజియం, మధ్యాహ్నం తోటలో పులిహోర పొట్లాలు, సాయంత్రం పాత ఊరు. వారం తిరక్కుండానే ఎవరో ఒకరు దాన్ని యాత్రావ్యాసంగా రాసేస్తారు. అలాంటి బస్సులు నేను మూడుసార్లు ఎక్కాను, అలాంటి వ్యాసాలు పాతిక దాకా చదివి ఉంటాను. రెంటి మీదా నాకున్న ఫిర్యాదు ఒకటే: బస్సు ఎక్కడ ఆగుతుందో చరిత్ర కూడా అక్కడే ఆగుతోంది.

ఖలాత్ అల్ బహ్రెయిన్ సంగతే చూడండి. బస్సు నిలపడానికి కావలసినంత చోటు ఉంది కాబట్టి అందరి జాబితాలోనూ అదే మొదటిది. అందరి వ్యాసాల్లోనూ దాని పేరు “పోర్చుగీసు కోట”. ఫొటోలకు బాగుంటుంది, నిజమే. కానీ ఆ కోట పైపొర మాత్రమే. అది నిలబడ్డ గుట్ట మనుషులు కట్టగా, కూలగా, మళ్ళీ కట్టగా పేరుకున్నది. క్రీస్తుకు పూర్వం 2300 ప్రాంతం నుంచి క్రీస్తు శకం పదహారో శతాబ్దం దాకా ఒకదాని మీద ఒకటి ఊళ్ళు లేచాయి. 1954 నుంచి పి.వి. గ్లోబ్, జెఫ్రీ బిబీ నాయకత్వంలో డేనిష్ బృందం తవ్వుతూ పోతే అడుగున దిల్మున్ నగరం బయటపడింది. యునెస్కో 2005లో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2008 నుంచి పక్కనే ఒక మ్యూజియం కూడా ఉంది.

ఇందులో మనకు సంబంధించిన ముక్క ఒకటుంది. ఈ తవ్వకాల్లో సింధు లోయ పద్ధతి తూనిక రాళ్ళు దొరికాయి. సింధు లిపి ఉన్న ముద్రలు కూడా ఈ ద్వీపంలో దొరికాయి. అంటే నాలుగు వేల ఏళ్ళ కిందటే మన ఉపఖండం వర్తకులకు ఈ రేవుతో లావాదేవీలున్నాయి, వాళ్ళ తూకం ఇక్కడ చెల్లింది. “మనవాళ్ళు చమురు వచ్చాక గల్ఫ్ బాట పట్టారు” అని మొదలయ్యే వ్యాసాలన్నీ ఆ రాళ్ళ ముందు నిలబడి మళ్ళీ రాసుకోవాల్సినవే. మాకిచ్చిన సమయం నలభై నిమిషాలు. గైడు ఇరవై నిమిషాలు ఫిరంగుల గురించి చెప్పాడు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఇండెక్సు చూసి డేటాబేసు మొత్తం చదివేశామనుకోవడం.

నేషనల్ మ్యూజియం (1988లో తెరిచారు) గురించి ఎక్కువ చెప్పను. చక్కటి మ్యూజియం. నేల మీద పరిచిన ద్వీపం చిత్రం మీద పిల్లలు తమ ఇల్లు వెతుక్కుంటారు, సమాధుల గది చూసి భయపడతారు. ఆ సమాధి దిబ్బలు ద్వీపం పడమటి వైపు ఇంకా వేలల్లో ఉన్నాయి, 2019లో వాటికీ యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆలీ ఊళ్ళో ఇళ్ళ మధ్యనే కనిపిస్తాయి. బస్సులోంచి చూసి మట్టి కుప్పలనుకున్నవాళ్ళే ఎక్కువ.

తోటల విషయంలో మన వ్యాసాలు మరీ పొదుపు. “పచ్చగా ఉంది, భోజనాలు చేశాం.” ఎడారి ద్వీపంలో పచ్చదనం ఎలా వచ్చిందని ఒక్కరూ అడగరు. బహ్రెయిన్ అంటే రెండు సముద్రాలని అర్థం. ఉప్పు సముద్రం అడుగున కూడా మంచినీటి ఊటలు ఉండేవి, ముత్యాల పడవల వాళ్ళు సముద్రంలోకి మునిగి తాగునీళ్ళు పట్టుకొచ్చేవాళ్ళు. నేల మీద ఊటల్లో పేరు పడ్డది అదారి. దగ్గరివాళ్ళను ఎండగట్టి దూరపువాళ్ళకు నీళ్ళు పారిస్తుందని ఆ ఊట మీద ఇక్కడివాళ్ళకు సామెత ఉంది, సొంతవాళ్ళను మరిచి పరాయివాళ్ళకు చేసిపెట్టేవాణ్ణి ఆ మాటతోనే దెప్పుతారు. నేలలోని నీటిని విపరీతంగా తోడేయడంతో ఆ ఊట ఎండింది, ఇప్పుడక్కడ రంగులరాట్నాలు తిరుగుతున్నాయి. మనం తాగే నీళ్ళు చాలావరకు సముద్రపు నీటిని శుద్ధి చేసినవే. అనంతపురం నుంచో మహబూబ్‌నగర్ నుంచో వచ్చిన మనిషికి ఇంతకన్నా దగ్గరి కథ ఏముంటుంది?

అసలు అన్యాయం జరిగేది ముహర్రఖ్‌లో. 2012లో యునెస్కో జాబితాలోకెక్కిన ముత్యాల బాట అక్కడుంది. సముద్రంలో మూడు ముత్యపు చిప్పల మేటలు, తీరాన బు మాహిర్ కోట, ఊళ్ళో పదిహేడు కట్టడాలు. ఇవన్నీ కలిపే దారి మూడున్నర కిలోమీటర్లు. సందులు ఇరుకు, బస్సు పట్టదు. కాబట్టి ముత్యాల వర్తకుడు సియాదీ ఇల్లు ఒకటి చూపించి తిప్పేస్తారు. చెక్కిన తలుపులు, రంగు అద్దాలు చూసి “ఎంత వైభవం!” అని రాస్తాం.

ఆ వైభవం కింద అప్పుంది. పడవ నాయకుడు నఖూదా సీజనుకు ముందే మునిగేవాళ్ళకు బయానా ఇచ్చేవాడు. ముక్కుకు క్లిప్పు, కాలికి రాయి, నడుముకు తాడు. వేసవి నెలలన్నీ సముద్రం మీదే. తిరిగొచ్చాక లెక్క చూస్తే బాకీ మిగిలేది, మరుసటేడు మళ్ళీ అదే పడవ ఎక్కాలి. మనిషి పోతే బాకీ కొడుకు మీదికి వచ్చేది. 1920లలో సంస్కరణలు తెచ్చి మునిగేవాడి చేతికి సొంత లెక్కల పుస్తకం ఇప్పించాల్సి వచ్చింది. జపాన్ సాగు ముత్యాలు, ఆర్థికమాంద్యం కలిసి ఆ వ్యాపారాన్ని కూల్చేశాయి. 1932లో చమురు పడింది. ఆ ముత్యాలకు పెద్ద అంగడి బొంబాయి. హైదరాబాదులో మన అమ్మమ్మలు “బసరా ముత్యాలు” అని దాచుకున్నవి ఈ గల్ఫ్ నీళ్ళవే. బసరా అన్నది రేవు పేరు, మునిగిన ఊళ్ళ పేర్లు గొలుసుకు అంటలేదు.

మా బస్సు డ్రైవరు జగిత్యాల వైపు మనిషి. మమ్మల్ని అన్నిచోట్లా దింపాడు, తను ఎక్కడా లోపలికి రాలేదు. టీ తాగుతుంటే ఈ బయానా సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించి, “కొడుకు మీదికొస్తుండెనా సార్? మా దిక్కయితే ఇంటి మీదికొస్తది. నేనొచ్చేటప్పుడు ఏజెంటుకు కట్టింది మూడేండ్లకు తెగింది” అన్నాడు. నేను చదివిన ఏ యాత్రావ్యాసంలోనూ ఈ రెండు అప్పుల్ని పక్కపక్కన పెట్టిన వాక్యం లేదు. ఆ వ్యాసాల్లో డ్రైవరే లేడు. ఏసీ మాత్రం ఉంది, పనిచేయకపోతే.

మనకు మంచి యాత్రా రచన తెలియక కాదు. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మేలో మద్రాసు నుంచి బయల్దేరి, పదిహేను నెలలు దాటి కాశీయాత్ర చేసి వచ్చారు. 1838లో అచ్చయిన ఆ పుస్తకంలో మజిలీ మజిలీకీ నీటి వసతి ఎలా ఉంది, అంగళ్ళలో ఏం దొరుకుతుంది, బాట ఎలాంటిది, అన్నీ ఉన్నాయి. సుప్రీంకోర్టులో ద్విభాషీ ఉద్యోగం చేసిన పెద్దమనిషి, పల్లకీలో వెళ్ళినవాడు. ఆ లెక్కన ఆయనదీ ఏసీ బస్సే. అయినా తనను మోసుకెళ్ళే బోయీలు ఆయన కంటికి ఆనారు. మన కాలంలో ఆదినారాయణ గారు కాలినడకన తిరిగి ‘భ్రమణ కాంక్ష’ రాశారు. జూన్‌లో బహ్రెయిన్‌లో నడవమని నేను ఎవరికీ చెప్పను. అది హత్యాయత్నం కిందికి వస్తుంది.

డిసెంబరులో మాత్రం నడవొచ్చు. వచ్చే ఏడు బస్సు మాట్లాడేవాళ్ళు ఫిరంగుల దగ్గర సమయం తగ్గించి, తూనిక రాళ్ళకు అరగంట ఇవ్వండి. మధ్యాహ్నం మూడింటికి బు మాహిర్ దగ్గర బస్సు ఆపించి, పిల్లలతో సహా మూడున్నర కిలోమీటర్లూ నడవండి. చీకటి పడేలోపు సియాదీ ఇంటికి చేరతారు. టిక్కెట్లు, టీలు లెక్కవేసేటప్పుడు డ్రైవరుతో కలిపి వేయండి.