దీనికింద ఆయకట్టెంత?

ఇంగ్లండు సరస్సుల దగ్గరికి వెళ్లినవాళ్లు ముందు నీళ్లు చూస్తారు. నేను ఒడ్డు చూస్తాను. నీళ్లదేముంది, పైన ఆకాశం ఏ రంగులో ఉంటే అదే రంగు, ఇక్కడైతే ఏడాదిలో సగం రోజులు బూడిద రంగే. ఒడ్డు మాత్రం ఊరుకోదు. రెల్లూ ఆల్డర్ చెట్లూ నీటి దాకా వచ్చి వేళ్లు తడుపుకుంటున్నాయంటే ఆ నీటిమట్టం చాలాకాలంగా పెద్దగా కదల్లేదన్నమాట. నీటికీ గడ్డికీ మధ్య పచ్చదనమే లేని రాళ్ల పట్టీ ఒకటి చుట్టూ కనిపిస్తే, ఎవరో ఎక్కడో కూర్చుని ఆ మట్టాన్ని పెంచుతూ దించుతూ ఉన్నారు. ఇక కొండ దిగి వచ్చిన రాతిగోడ ఒడ్డున ఆగకుండా నేరుగా నీళ్లలోకి పోయిందంటే, అక్కడ ఒకప్పుడు పొలం ఉండేది.

ఈ చూపు నాకు అబ్బింది మా మామగారి వల్ల. ఆయన గుంటూరు జిల్లాలో నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. మాంచెస్టర్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు ఆయన్ని లేక్ డిస్ట్రిక్ట్‌కి తీసుకెళ్లి థర్ల్‌మియర్ ఒడ్డున దించాం. హెల్వెలిన్ కొండ పాదాల దగ్గర పొడుగ్గా పరుచుకున్న నీళ్లు, అవతలి గట్టున చిక్కటి పైన్ అడవి. మేమందరం ఫొటోల్లో పడ్డాం. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని కాసేపు అటూ ఇటూ పరికించి, “అమ్మాయ్, దీనికింద ఆయకట్టెంత?” అన్నారు.

మా ఆయన పగలబడి నవ్వాడు. కానీ ఆ సరస్సుని అడగాల్సిన ప్రశ్న అదే. థర్ల్‌మియర్ కింద ఎకరం మాగాణి లేదు. దాని ఆయకట్టు నూటయాభై కిలోమీటర్ల అవతల, మాంచెస్టర్ వంటిళ్లలోని కుళాయిలు. పంతొమ్మిదో శతాబ్దంలో నూలు మిల్లులతో ఒళ్లు పెంచుకున్న ఈ ఊరికి తాగునీళ్లు చాలక, 1879లో నగర కార్పొరేషన్ పార్లమెంటులో చట్టం చేయించుకుంది. లోయలో ఉన్న సరస్సుకి ఆనకట్ట కట్టి మట్టం పెంచింది. పొలాలు మునిగాయి, ఇళ్లు మునిగాయి. 1894లో నీళ్లు మాంచెస్టర్ చేరాయి. 96 మైళ్ల దారి, ఎక్కడా పంపు లేదు. సొరంగాల్లో, గొట్టాల్లో వాలు మీదే వస్తాయి, ఒక రోజు పైనే పడుతుంది. ఇదంతా చెబితే మామగారి మొహంలో మొదటిసారి సరస్సు మీద గౌరవం కనబడింది. “వాలు ఎంతిచ్చారు?” అన్నారు. మైలుకి సుమారు 20 అంగుళాలు. తల ఊపారు. ఆ తర్వాతే కొండల వైపు చూశారు.

అప్పటినుంచీ ఏ నీళ్ల దగ్గరికి వెళ్లినా మా ఇంట్లో ఒకటే వేట: కట్ట ఎక్కడ, తూమెక్కడ, అలుగెక్కడ. ఇంగ్లిషువాళ్లు వీటిని దాచడంలో గడుసువాళ్లు. తూము పైన గదిని చిన్న కోట బురుజులా కడతారు, రాజుగారెవరో విడిది చేసేవారేమో అనిపించేట్టు. కట్ట మీద గడ్డి పెంచి గొర్రెలు తోలతారు. క్యాలెండర్ల మీద తరచూ కనిపించే టార్న్ హౌజ్ ఉంది కదా, కోనిస్టన్ దగ్గర, దీవులూ పైన్ చెట్లూ అన్నీ కొలిచి పెట్టినట్టుండే ఆ చిన్న సరస్సు? అది నిజంగానే కొలిచి పెట్టిందే. అక్కడున్న చిన్న మడుగుల్ని పంతొమ్మిదో శతాబ్దంలో ఒక భూస్వామి కట్ట వేసి కలిపాడు, చుట్టూ చెట్లు నాటించాడు. 1930లో ఆ ఎస్టేటుని పిల్లల కథల రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ కొని, టార్న్ హౌజ్ ఉన్న సగాన్ని నేషనల్ ట్రస్టుకి అప్పగించింది. చుట్టూ చదునైన బాట, చక్రాల కుర్చీ కూడా పోతుంది, మోకాళ్ల నొప్పులవాళ్లకి అంతకన్నా మంచి చోటు లేదు. అయినా నాకెందుకో అక్కడ మనసు నిలవదు. మరీ దువ్వినట్టుంటుంది.

నా మనసు నిలిచేది హాస్‌వాటర్ సరస్సు దగ్గర. ఒకే ఒక్క తారు రోడ్డు, అదీ లోయ చివర ఆగిపోతుంది. అక్కడ మార్డేల్ అనే ఊరుండేది: ఒక చర్చి, ఒక పబ్బు, కొన్ని గొర్రెల కమతాలు. మాంచెస్టర్‌కి థర్ల్‌మియర్ చాలక 1919లో ఇంకో చట్టం వచ్చింది, 1929లో ఆనకట్ట పని మొదలైంది. శ్మశానంలోని అస్థికల్ని తవ్వి షాప్ అనే ఊరికి తరలించారు. 1935లో చర్చిలో ఆఖరి ప్రార్థన జరిగింది, తర్వాత దాన్ని విప్పేశారు. సరస్సు మట్టం 29 మీటర్లు పెరిగింది. ఎండలు ముదిరిన ఏడాది నీళ్లు తగ్గితే గోడలు, గొర్రెల దొడ్లు, చిన్న రాతి వంతెన బయటపడతాయి. జనం కార్లేసుకుని వస్తారు, ఆ వంతెన మీద నిలబడి ఫొటోలు దిగుతారు. మామగారికి ఇదంతా వివరించాల్సిన పనే పడలేదు. శ్రీశైలం నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే సంగమేశ్వరం గుడిని చూసి వచ్చిన మనిషి. “ముంపు వాళ్లకి నష్టపరిహారం ఏమాత్రం ఇచ్చారో” అని ఆ రాళ్ల వంక చూస్తూ అన్నారు. ఆ ఊళ్లో చాలామంది కౌలుదార్లే. భూమి కొన్నప్పుడు డబ్బు ఎవరికి చేరుతుందో ఆయనకి బాగా తెలుసు.

 

ఏ సరస్సుకి వెళ్లినా దాని చుట్టూ పూర్తిగా నడవాలన్నది నా పట్టుదల. కార్ పార్క్ ఉన్న ఒడ్డు అందరిదీ, ఐస్‌క్రీమ్ బండిదీ. అవతలి ఒడ్డుకి వెళ్తే గానీ ఆ నీళ్లు ఎవరి చేతిలో ఉన్నాయో తెలియదు. దీనికి ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల నారింజ అట్ట పటం చాలు, నేల మీది కిలోమీటరు దాని మీద నాలుగు సెంటీమీటర్లు. అందులో ఆకుపచ్చ చుక్కల గీత కనిపిస్తే అది ఎవరి పొలం గుండా పోయినా సరే, నడిచే హక్కు మనది. దారిలో పసుపు బాణం గుర్తులుంటాయి. గేటు వేసి ఉంటే దాటాక వేయాలి, తీసి ఉంటే తీసినట్టే వదలాలి. గొర్రెలు నీళ్లకి వెళ్లడానికి రైతు కావాలనే తీసి పెట్టి ఉండొచ్చు. లోయల్లో ఫోన్ సిగ్నల్ నమ్ముకోకూడదు. వాన గురించి చెప్పను, అది ఉంటుంది.

ఇంగ్లండు, వేల్స్‌లలో ఇలాంటి హక్కు దారులు అన్నీ కలిపి రెండు లక్షల కిలోమీటర్లకు పైమాటే. అయితే దారి దాటి పక్కకి అడుగేస్తే కథ మారుతుంది, సరస్సుల చుట్టూ జరిగిన గొడవంతా ఇక్కడ అడుగు పెట్టే హక్కు ఎవరిదన్నదాని గురించే. కవి వర్డ్స్‌వర్త్ సంగతే చూడండి. ఈ ప్రాంతం చూసే కన్నూ ఆనందించే మనసూ ఉన్న ప్రతివాడికీ వాటా ఉన్న జాతి ఆస్తిలాంటిదని తన గైడు పుస్తకంలో రాశాడు. అదే పెద్దమనిషి 1844లో విండర్‌మియర్‌కి రైలు వస్తుందనేసరికి పత్రికకి లేఖలు రాసి అడ్డుపడ్డాడు. మిల్లు కూలీలు గుంపులుగా దిగితే ఏకాంతం చెడుతుందని, వాళ్లకి ఈ అందం ఒక్కరోజులో తలకెక్కదని ఆయన బెంగ. రైలు 1847లో వచ్చేసింది. మాంచెస్టర్ నుంచి నేనిప్పుడు ఎక్కేది ఆ లైనే. ఆయన భయపడింది నాలాంటి వాళ్ల గురించే కాబట్టి, కవిగారి మీద కోపం తెచ్చుకునే హక్కు నాకుందనుకుంటాను.

థర్ల్‌మియర్ ఆనకట్టని ఆపాలని పోరాడినవాళ్లు ఓడిపోయారు. కానీ కొండలూ నీళ్లూ కాపాడాలంటే ముందు వాటిని కొనాలన్న ఆలోచన అలాంటి పోరాటాల్లోనే గట్టిపడింది. 1895లో ఆక్టేవియా హిల్, రాబర్ట్ హంటర్, కెసిక్ పాదిరి హార్డ్‌విక్ రాన్స్‌లీ కలిసి నేషనల్ ట్రస్టు పెట్టారు. 1902లో డర్వెంట్‌వాటర్ సరస్సు పడమటి ఒడ్డున బ్రాండెల్‌హౌ అడవిని చందాలు పోగుచేసి కొన్నారు. మాంచెస్టర్‌కి దగ్గర్లోని కిండర్ స్కౌట్ కొండ మీద మాత్రం చందాలతో పని జరగలేదు. 1932 ఏప్రిల్ 24న హేఫీల్డ్ నుంచి వందలమంది కుర్రాళ్లు, ఎక్కువమంది కార్మికులే, కిండర్ రిజర్వాయర్ పక్కగా నడిచి, జమీందార్లు వేటకి అట్టిపెట్టుకున్న కొండ మీదికెక్కారు. ఐదుగురు జైలుకి వెళ్లారు. 1949లో జాతీయ ఉద్యానవనాల చట్టం వచ్చింది. 1951లో ఆ కొండ ఉన్న పీక్ డిస్ట్రిక్టే దేశంలో మొదటి జాతీయ ఉద్యానవనమైంది.

2000లో వచ్చిన చట్టం బీడు కొండల్లో దారి వదిలి తిరిగే హక్కు కూడా ఇచ్చింది. నీళ్ల దగ్గర మాత్రం బిగపట్టింది: ఆ హక్కులో సరస్సుల్లో, నదుల్లో ఈత లేదు. అంటే ఒడ్డంతా నాది, అడుగు తడిస్తే తప్పు. డర్వెంట్‌వాటర్, కోనిస్టన్ సరస్సుల్లో దిగనిస్తారు. థర్ల్‌మియర్, హాస్‌వాటర్‌లలో నిషేధం. ఈమధ్య కొందరు 1932ని తలచుకుంటూ ఆ కిండర్ రిజర్వాయర్‌లోకే నిరసనగా దిగి ఈదుతున్నారు. నా సానుభూతి వాళ్లకే. విండర్‌మియర్‌లో మురుగునీరు కలవడం మీద, వేసవిలో నీలిపచ్చ నాచు పేరుకోవడం మీద గట్టిగా గొంతెత్తింది కూడా ఈదేవాళ్లే. ఒంటికి తగిలితేనే కదా నీళ్ల సంగతి తెలిసేది.

ఈ మాట మామగారి దగ్గర అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. “తాగే నీళ్లలో ఈతలేంటమ్మా? తూము దగ్గర లాగుడు ఎలా ఉంటుందో వాళ్లకి తెలుసా? మా కాలువల్లో ఎన్ని శవాలు తీయించానో నాకు తెలుసు.” ఇక్కడ నీళ్ల చలికే ఊపిరి బిగుసుకుపోతుందని, ఏటా వేసవిలో కుర్రాళ్లు పోతున్నారని నేనే ఒప్పుకోవాల్సి వచ్చింది. అయితే బోర్డు పెట్టి వదిలేయకుండా ఈదడానికి భద్రమైన చోటు చూపించొచ్చు కదా అన్నాను. “చూపించొచ్చు. కట్టకి దూరంగా, కాపలాకి లస్కర్ని పెట్టి” అన్నారాయన. మా ఇద్దరి మధ్య బేరం అక్కడిదాకా వచ్చింది.