మేళం వైపు కుర్చీ

బెజవాడలోని తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రంలో కూచిపూడి ప్రదర్శన ఉందంటే, నేను మేళం కూర్చునే వైపే కుర్చీ వెతుక్కుంటాను. అందరి కళ్లూ నర్తకి మీద ఉంటాయి కాబట్టి ఆ మూలన జరిగేది చాలామందికి పట్టదు. నట్టువాంగం, గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు, అంతా కలిపి అయిదారుగురు. గాయకుడి ముందు సాహిత్యం పుస్తకం ఉంటే ఉండొచ్చు గానీ, మిగతావాళ్ల చూపు నర్తకి పాదాలను వదలదు.

ఈ చిన్న బృందానికి నాయకుడెవరు? జతి నడిచేటప్పుడు నట్టువాంగం వారిదే పెత్తనం. ఇనుప తాళం, కంచు తాళం కలిసి మోగితే అందరూ ఆ దెబ్బకు లోబడాల్సిందే. అభినయం మొదలవగానే పగ్గాలు నర్తకి చేతికి వెళ్తాయి. ఆమె ఒక భావాన్ని ఎన్ని రకాలుగా పట్టుకుంటే గాయకుడు ఆ పల్లవిని అన్నిసార్లు తిప్పి పాడతాడు. న్యూయార్క్‌లో 1972లో మొదలైన ఆర్ఫియస్ ఆర్కెస్ట్రా కండక్టరు లేకుండా వాయిస్తుందనీ, ఒక్కో కృతికి ఒక్కొక్కరు నాయకత్వం వహిస్తారనీ గొప్పగా చెప్పుకుంటారు. మన మేళంలో ఒక్క అంశంలోనే నాయకత్వం నాలుగుసార్లు చేతులు మారుతుంది. భామాకలాపంలో సూత్రధారుడైతే తాళం నడుపుతూనే మాధవి అయిపోయి సత్యభామను ఆటపట్టిస్తాడు. కథలో దూరి నాయికతో పరిహాసాలాడే కండక్టరు ఏ సింఫనీలో ఉన్నాడు?

పూర్వం దివిటీల వెలుగులో, ఊరి నడుమ పందిట్లో భాగవతం ఆడే రోజుల్లో వాద్యగాళ్లు పాత్రధారుల వెనకే నిలబడేవారు. సత్యభామ తన దరువు తానే పాడుకునేది. ఒకరి ఊపిరి ఒకరికి వినపడేంత దగ్గర. హాలు వచ్చాక మేళం ఓ పక్కకు వెళ్లి కూర్చుంది, మధ్యలో మైకు చేరింది. స్పీకర్లన్నీ ప్రేక్షకుల వైపు తిరిగి ఉంటాయి. వేదిక మీదున్నవాళ్లకు ఎక్కువగా చేరేది హాలు వెనక గోడకు తగిలి తిరిగొచ్చే శబ్దమే. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. గోడ 17 మీటర్ల దూరంలో ఉంటే రానూపోనూ సెకనులో పదో వంతు పడుతుంది. ద్రుతంలో అది ఒక జతి అక్షరమంత ఆలస్యం! పైగా ఖాళీ హాల్లో మోగినట్టు నిండిన హాల్లో మోగదు; మనుషులూ వాళ్ల బట్టలూ శబ్దాన్ని పీల్చేస్తాయి. మధ్యాహ్నం సరిచేసిన మైకు సాయంత్రానికి అబద్ధం చెబుతుంది.

మృదంగానిది మరో అవస్థ. కృష్ణా తీరపు ఉక్కలో శృతి చేసిన వాద్యం ఏసీ చల్లదనంలోకి రాగానే తోలు ఆరి బిగుస్తుంది, శృతి మీదికి జరుగుతుంది. ఎడమ వైపు పెట్టిన రవ్వముద్ద ఎండిపోతుంది. అందుకే ముఖ్య అతిథి ప్రసంగం సాగుతుంటే తెర వెనక టకటకమని శృతి సరిచేసే రాయి చప్పుడు వినిపిస్తుంది. నాకైతే చాలాసార్లు ప్రసంగం కన్నా అదే నయమనిపిస్తుంది.

తరంగంలో ఇత్తడి పళ్లెం అంచున నిలబడి కదిలే నర్తకిని చూడండి. నున్నటి చెక్క మీద పళ్లెం ఒకలా జరుగుతుంది, తివాచీ మీద మొరాయిస్తుంది. ఆమె ఒక ఆవర్తం వెనకబడితే మృదంగం ఆగి ఆదుకుంటుంది. మేళానికి బదులు పెట్టే పెన్‌డ్రైవ్‌లోని పాట ఆగదు. అమెరికాలో తెలుగు పిల్లల ప్రదర్శనకు ఇక్కడి నుంచి మేళాన్ని తీసుకెళ్లడం అందరి తాహతుకూ తగింది కాదు, ఒప్పుకుంటాను. కానీ కూచిపూడికి అరవై కిలోమీటర్లు కూడా లేని బెజవాడలో రికార్డు పాటకు ఆడితే అది సగం కూచిపూడే.

నిర్వాహకులకో విన్నపం. సన్మానాల్లోంచి ఒక అరగంట తగ్గించి, ఏసీ వేశాక శృతి, మైకులు చూసుకోవడానికి మేళానికి ఇవ్వండి. ఒక స్పీకరు వాళ్ల వైపు తిప్పండి. ఆహ్వానపత్రికలో అతిథుల పేర్లు కాస్త చిన్న అక్షరాల్లో వేసినా ఫరవాలేదు, మృదంగం ఎవరో, నట్టువాంగం ఎవరో మాత్రం అచ్చువేయండి.