‘సెవెనిష్’లో దాగిన పనితనం

ఇంగ్లండులో ఇరుగుపొరుగు వాళ్లు ఇంటికి పిలిచే తీరు ఇలా ఉంటుంది: “ఐ వజ్ సార్టాఫ్ వండరింగ్ ఇఫ్ యూడ్ లైక్ టు కమ్ రౌండ్, సెవెనిష్, ఫర్ ఎ డ్రింక్ ఆర్ సంథింగ్.” మన బడి గ్రామరుతో దిద్దితే ఇందులో సగం మాటలు ఎర్ర సిరా పాలవుతాయి. ఏడింటికి రండి అంటే సరిపోయేదానికి ఇంత నాన్చుడెందుకు అనిపిస్తుంది. కానీ ఇది నాన్చుడు కాదు. ఇందులో ప్రతి మాటా ఎదుటివాళ్ల కోసం తలుపు ఓరగా తీసి ఉంచుతుంది.

‘వజ్ వండరింగ్’ చూడండి. పిలుపు ఇప్పటిది, క్రియ మాత్రం భూతకాలంలో ఉంది. ఎప్పుడో మనసులో మెదిలిన ఆలోచనలా చెప్పారు కాబట్టి, కుదరదన్నా ఎవరి మొహమూ చిన్నబోదు. ‘సార్ట్’ అంటే రకం. మన ‘ఒకరకంగా’ ఎలా పుట్టిందో ‘సార్టాఫ్’ కూడా అలాగే పుట్టింది. అమెరికా భాషావేత్త జార్జ్ లేకాఫ్ 1972లో ఇలాంటి మాటలకు ‘హెడ్జెస్’ అన్న పేరును స్థిరపరిచాడు. హెడ్జ్ అంటే కంచె. రాబిన్ పిట్టను ‘సార్టాఫ్’ పక్షి అంటే తప్పు, కోడిని అంటే అతుకుతుందని చూపించాడు. వదులుగా కనిపించే మాటకూ ఇంత కచ్చితమైన కొలత ఉంది!

నాకు అన్నిటికన్నా ముచ్చటైనది ‘ఇష్’. ఇంగ్లిష్ అన్న పేరు చివర ఉన్నది ఈ ప్రత్యయమే. మొదట జాతిని చెప్పింది. తర్వాత చైల్డిష్‌లో పోలికనీ, రెడ్డిష్‌లో ఛాయనీ చెప్పి, చివరికి గడియారం ఎక్కింది. సెవెనిష్ అంటే ఏడుంబావుకు వెళ్లినా ఆలస్యం కాదు. ఇప్పుడు ఈ తోక ఒంటరిగానూ తిరుగుతోంది. ఆకలేస్తోందా అని అడిగితే ‘ఇష్’ అని జవాబు వస్తుంది.

ఇక ‘ఆర్ సంథింగ్’. మద్యం ముట్టని అతిథి ఇబ్బంది పడకుండా టీకో పళ్లరసానికో చోటిచ్చే మాట అది. మనం ‘కాఫీ గీఫీ తాగుతారా’ అంటాం. గీఫీకి అర్థం లేదు, కానీ టీ, మజ్జిగ అన్నీ అందులోనే ఉన్నాయి. ఇంగ్లిషు వాళ్లు పక్కన మాట చేర్చి సాధించినదాన్ని మనం మొదటి అక్షరం మార్చి సాధించాం.

భాషావేత్త జొవానా చానెల్ 1994లో ‘వేగ్ లాంగ్వేజ్’ అని పుస్తకమే రాసి, ఈ అస్పష్టత బద్ధకం కాదు, సందర్భమెరిగిన నేర్పు అని వాదించింది. భాషావేత్తలు రొనాల్డ్ కార్టర్, మైకేల్ మెకార్తీ దాదాపు 50 లక్షల మాటల సంభాషణలను ఆధారం చేసుకుని, ఇలాంటి వాడుకలకు తమ ఇంగ్లిషు వ్యాకరణ గ్రంథంలోనే చోటిచ్చారు.

మందు మోతాదు చెప్పేచోట ఈ మాటలు పనికిరావు, నిజమే. స్నేహంగా పిలిచేచోట మాత్రం ఇవే మర్యాద. ఇంగ్లిషు నేర్పే మాస్టార్లకు నాదొక్కటే మనవి: ఈ మాటల్ని కొట్టేయకండి, పాఠంలో చేర్చండి.