థామస్ గర్టిన్ వదిలిపెట్టిన తెలుపు

నీటిరంగులు నేర్పే మాస్టార్లు తొలిరోజుల్లోనే చెప్పే మాట ఒకటుంది: తెల్లరంగు జోలికి పోవద్దు, తెలుపు కావలసిన చోట కాగితాన్ని అలాగే ఉంచెయ్యండి. ఆ కట్టుబాటుతో ఎంత దూరం వెళ్లవచ్చో తెలియాలంటే 1800లో థామస్ గర్టిన్ వేసిన 'ది వైట్ హౌస్ ఎట్ చెల్సీ' చూడాలి. అడుగు ఎత్తు, అడుగున్నర దాటిన వెడల్పు, అంతే. పొద్దుగూకే వేళ లండన్‌లో థేమ్స్ నది. గాలిమర, వంతెన, గట్టు మీది చెట్లు అన్నీ మసకబారుతున్నాయి. వాటి మధ్య చిన్న తెల్ల ఇల్లు, నీళ్లలో దాని ప్రతిబింబం. ఆ ఇంటి తెలుపు రంగుతో వచ్చింది కాదు, అక్కడ ఉన్నది కాగితమే. ఆకాశాన్నీ నదినీ కావలసినంత ముదురు చేయడం వల్లనే అది వెలుగుతోంది. ఆ ముదురు కాస్త తగ్గితే ఇల్లు కనిపించదు, పెరిగితే సాయంత్రం రాత్రవుతుంది. ఇంత గురి నాకు మరే నీటిరంగు బొమ్మలోనూ కనిపించలేదు.

గర్టిన్ 1775లో లండన్‌లోని సౌత్‌వార్క్‌లో పుట్టాడు. చిత్రకారుడు జె.ఎం.డబ్ల్యు. టర్నర్‌ది కూడా అదే ఏడు. ఎడ్వర్డ్ డేస్ అనే చిత్రకారుడి దగ్గర శిష్యరికం చేశాక, డాక్టర్ థామస్ మన్రో ఇంట్లో సాయంకాలాలు బొమ్మలకు నకళ్లు తీసే పనికి కుదిరాడు. (మన దత్తమండలాల కలెక్టరు మన్రో కాదు, ఈయన మానసిక రోగుల వైద్యుడు.) ఎదుట జె.ఆర్. కోజెన్స్ వేసిన కొండలు, సరస్సుల చిత్రాలు ఉండేవి. గర్టిన్ గీతలు గీస్తే, అక్కడే పనిచేసే టర్నర్ వాటి మీద రంగు పరిచేవాడు. ఇద్దరికీ అదే అసలైన బడి.

అప్పటికి నీటిరంగు అంటే రంగద్దిన గీతబొమ్మ. ముందు పెన్సిల్‌తో రూపురేఖలు గీసి, నీడలన్నీ బూడిదరంగులో దిద్ది, ఆరాక పైన పలచగా రంగులు పూసేవారు. కోటలకూ చర్చిలకూ ఆనవాలు పట్టడానికి అది సరిపోయేది. కానీ కింద ఉన్న బూడిదరంగు ప్రతి రంగులోంచీ తొంగిచూసి ఎండను చల్లార్చేసేది. గర్టిన్ ఆ అడుగుపూతను మానేశాడు. నీడకు కూడా దానికి తగిన రంగునే నేరుగా వాడాడు: మట్టి నీడ మట్టిరంగులోనే ముదురుతుంది, చెట్టు నీడ ఆకుపచ్చలోనే. బరకగా ఉండే గోధుమవన్నె కార్ట్రిడ్జ్ కాగితం ఎంచుకున్నాడు. నునుపు కాగితం మీద జారిపోయే రంగు దాని గరుకులో పట్టుకుని నిలుస్తుంది. కుంచెను నిండుగా ముంచి ఆకాశాన్ని పెద్ద పూతగా దించేవాడు, అది ఆరాక చిన్న చిన్న విరుపు గీతలతో రాళ్లూ గడ్డీ పలికించేవాడు. యార్క్‌షైర్, నార్తంబర్లాండ్ బీడు కొండల్లో తిరిగి వేసిన చిత్రాల్లో చూడవలసిన కట్టడం ఏదీ లేని చోట్లు కూడా ఉన్నాయి. వట్టి నేల, దాని మీదుగా సాగే మబ్బు నీడ. చిత్రానికి ఆ మాత్రం చాలునని నిరూపించడం చిన్న సంగతి కాదు.

అయితే ఆయన వాడిన నీలి వెలుతురుకు నిలవదు. గోడలకు వేలాడిన బొమ్మల్లో ఆకాశాలు గులాబీ, గోధుమ ఛాయలకు తిరిగిపోయాయి. వాటి వెచ్చదనాన్ని మెచ్చుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఇప్పుడు మ్యూజియాలు నీటిరంగు చిత్రాలను మసక దీపాల కింద, కొద్దికాలమే ప్రదర్శించడానికి కారణం ఇదే.

1801లో పారిస్ వెళ్లి నగర దృశ్యాలు గీసుకున్నాడు. 1802లో లండన్ నగరాన్ని గుండ్రంగా చుట్టూ చూపించే 'ఐడోమెట్రోపోలిస్' అనే మహాచిత్రాన్ని ప్రదర్శనకు పెట్టాడు. అదే ఏడు నవంబరులో ఊపిరి జబ్బుతో పోయాడు. వయసు 27. టామ్ గర్టిన్ బతికి ఉంటే తాను పస్తులుండేవాణ్నని టర్నర్ అన్నట్టు చెబుతారు. అందులో స్నేహధర్మం ఎంతో ఉండవచ్చు గానీ, అతిశయోక్తి తక్కువేనని నా నమ్మకం. టర్నర్‌కు ఆ తరవాత మరో 49 ఏళ్ల ఆయుష్షు దొరికింది. నీటిరంగు నేర్చుకుంటున్నవాళ్లు ఆ చెల్సీ బొమ్మకు ఒక్క నకలైనా తీసి చూడాలి, ఇంటి దగ్గర కాగితాన్ని ముట్టుకోకుండా.