పోలిక సాక్ష్యం కాదు

డచ్ భాషలో హెబ్బెన్ అంటే కలిగి ఉండటం. లాటిన్‌లో అదే అర్థానికి హబేరె. ధ్వనీ కలిసింది, అర్థమూ కలిసింది. ఇంకేం, తోబుట్టువులని తేల్చేయాలనిపిస్తుంది. కానీ ఈ రెంటికీ చుట్టరికం లేదు. హెబ్బెన్‌కు లాటిన్‌లో అసలు బంధువు కపెరె, అంటే పట్టుకోవడం. మాటల పుట్టుక వెతికేవారికి ఆధారం పోలిక కాదు, క్రమం తప్పని తేడా. భాషావేత్తలు రాస్ముస్ రాస్క్ 1818లోనూ, యాకొబ్ గ్రిమ్ 1822లోనూ నిలబెట్టిన సూత్రం అదే. లాటిన్ మాట మొదట ‘క’ ఉంటే డచ్ వంటి జర్మానిక్ భాషల్లో ‘హ’ వస్తుంది. వందకు లాటిన్ మాట కెంటుమ్, డచ్ మాట హోండర్ట్. కొమ్ము అక్కడ కోర్ను, ఇక్కడ హోర్న్. కుక్క అక్కడ కనిస్, ఇక్కడ హోండ్. లాటిన్ మాటే ‘హ’తో మొదలైతే డచ్‌లో ‘గ’ రావాలి. పరదేశిని చెప్పే హోస్టిస్‌కు జత అతిథిని చెప్పే గాస్ట్. ఈ లెక్కన హబేరెకు డచ్‌లో బంధువంటూ ఉంటే అది ‘గ’తో మొదలవ్వాలి. ‘హ’తో మొదలైన హెబ్బెన్‌కు ఆ వరసలో చోటు లేదు.

పట్టుకోవడం ఎక్కడ, కలిగి ఉండటం ఎక్కడ అని అడగవచ్చు. పట్టుకున్నది చేతిలో ఉంటుంది. పని పేరు దాని ఫలితానికి పేరవడం భాషల్లో మామూలే. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. వర్తకుణ్ణి చెప్పే లాటిన్ కౌపో నుంచి కొనడమనే కోపెన్ వచ్చింది కదా, హెబ్బెన్ కూడా అలాంటి అరువేమో? అరువు గుర్తు కోపెన్‌లోనే ఉంది: దాని ‘క’ మారలేదు, అంటే ఆ మార్పు ముగిశాకే వచ్చింది. హెబ్బెన్‌కు మాత్రం ఇంట్లోనే తోడు ఉంది. ఎత్తడమనే హెఫ్ఫెన్‌దీ కపెరె ధాతువే. ఒకదానిలో ‘ఫ’, రెండోదానిలో ‘బ’ ఎందుకో భాషావేత్త కార్ల్ వెర్నర్ పూర్వకాలపు ఊనికను బట్టి వివరించాడు. అరువు మాట ఇంత పాత కుటుంబాన్ని వెంటబెట్టుకుని రాదు.

ఈ జాగ్రత్త మనకూ కొత్త కాదు. తెలుగులో సంస్కృత పదాలు కొల్లలుగా ఉన్నా తెలుగు సంస్కృత జన్యం కాదని, తమిళ కన్నడాలకు బంధువని బ్రిటిష్ అధికారి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ 1816లోనే ధాతువుల ఆధారంతో చూపాడు. రెండు మాటలు ఒకలా వినిపించగానే చుట్టరికం కలిపేవారిని ఒక్కటే అడగండి: ఇదే తేడా, ఇదే వరసలో ఇంకో పది మాటల్లో చూపగలరా? చూపలేకపోతే అది నిరుక్తం కాదు, ఊహ.